బాడుగ యిల్లు – దత్తత యిల్లు

అనుమతి వేరు, హక్కు వేరు. అనుమతి యిచ్చినవాడు తనకు తోచినప్పుడు దానిని తిరిగి తీసికొనవచ్చును. హక్కును తీసివేయవలెనంటే ప్రభుత్వమైనా న్యాయస్థానంలో సమాధానం చెప్పుకొనవలసి యుంటుంది. నిఘంటువులో ఈ రెండు మాటలూ దూరదూరంగానే ఉన్నవి. మన నిత్యజీవితంలో మాత్రం ఒకదానితో ఒకటి కలసిపోయినవి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఏ పాఠశాలకైనా పోయి, "మీ బంధువులలో విదేశాలలో ఉన్నవారున్నారా?" అని అడిగి చూడండి. చేతులు చాలానే లేస్తవి. కొన్ని చేతులు కువైట్‌ను తలచుకొని, కొన్ని అమెరికాను తలచుకొని లేస్తవి. "వారక్కడ ఏ అధికారంతో ఉంటున్నారు?" అని రెండవ ప్రశ్న వేయండి. తరగతి నిశ్శబ్దమవుతుంది. పిల్లలకే కాదు, వారిని కన్నవారికి సైతం ఆ సంగతి తెలియదు. "ఫారిన్‌లో ఉన్నాడు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకొంటారు. ఆ ఒక్క మాట చాటున ఎన్ని స్థితులున్నవో, వానిని బడిలో తెలుగున చెప్పుట ఎందుకు అవసరమో ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు విన్నవింపదలచినాను.

పరదేశంలో మనిషి ఉండుటకు మూడు తీరులున్నవి. వానిని మన యింటి మాటలతోనే చెప్పవచ్చును. మొదటిది చుట్టపుచూపు, నాలుగు దినాలుండి రావడమే. రెండవది బాడుగ యిల్లు. ఇదే నివాసానుమతి. షరతులకు లోబడి, గడువు ఉన్నంతవరకు ఉండవచ్చును. ఇంటివాడు ఖాళీ చేయమన్నప్పుడు చేయవలెను. మూడవది దత్తత. ఆంగ్లంలో నాచురలైజేషన్ అనెడి దానిని మన పండితులు సహజీకరణమన్నారు, దేశీయకరణమన్నారు. ఆ పేర్లు విన్న పిల్లవానికి ఏమీ బోధపడదు. దత్తత అంటే వెంటనే బోధపడుతుంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తత పోయిన బిడ్డ ఆ దినం మొదలు ఆ యింటి బిడ్డయే. కన్నయింటితో చట్టబంధం తెగిపోతుంది. అయినా అంతకుముందే అతనికి సంక్రమించిన ఆస్తి అతనితోనే ఉంటుంది. కన్నయింటి వావివరుసలు పెండ్లి విషయంలో నిలిచే ఉంటవి. పౌరసత్వం మార్చుకొనుటలోని లాభనష్టాలన్నీ ఈ ఉపమానంలో ఇమిడి యున్నవి. భేదం ఒక్కటే: దత్తతలో పసివానిని ఇతరులు ఇస్తారు, ఇక్కడ పెద్దవాడు తనంత తానుగా పోతాడు.

ముందుగా బాడుగ యింటి సంగతి. ఉమ్మడి కడప జిల్లాకు కువైట్‌తో గల సంబంధం దశాబ్దాలనాటిది. వానలు కురియని యేండ్లు, ఎండిన బావులు, వడ్డీలు పెరిగిన అప్పులు మనవారిని ఆ ఎడారికి నడిపించినవి. అక్కడ నూనె ఉన్నది, మనవద్ద రెక్కలున్నవి. ఇంటిపనికి పోయినవారిది 20వ నంబరు నివాసానుమతి. కంపెనీ పనికి పోయినవారిది 18వ నంబరు. మొదటిదానిని మనవారు ఖాదిం వీసా అంటారు. నివాసానుమతిని అకామా అంటారు. దానికి పూచీపడిన యజమానిని కఫీల్ అంటారు. ఈ అరబ్బీ మాటలు మన పల్లెలలో జామీను, ఖరారు అన్నంత సులువుగా వినిపిస్తవి. మాట వచ్చినది గాని అర్థం పూర్తిగా రాలేదు. అకామా పనివాని సొత్తు కాదు. అది ఫలానా యజమాని వద్ద ఫలానా పనికి ముడివేసిన కాగితం. ఆ యింటినుండి బయటపడి మరొకచోట పని చేసికొనువాడు ఎంత కష్టజీవియైనా చట్టం దృష్టిలో అనుమతి లేనివాడే. అట్టివానికి మనవారు పెట్టిన పేరు ఖల్లివల్లి. ఇంటిలో కొట్టినారనో, జీతమియ్యలేదనో బయటికి వచ్చిన ఆడకూతురు కూడ ఆ పేరునే మోయవలసి వస్తున్నది.

కువైట్ ప్రభుత్వం 2018లోను, 2020లోను, 2024లోను ఇట్టివారికి క్షమాభిక్ష ప్రకటించినది. నిర్ణయించిన గడువులోపల దేశం విడిచి పోవచ్చుననుట అందలి సారాంశం. క్షమాభిక్ష అన్న సమాసాన్ని ఉపాధ్యాయులు తరగతిలో ఒకసారి విడదీసి చూపవలెను. తప్పు చేసినవానికి క్షమ, చేయి చాచినవానికి భిక్ష. ఈ రెండింటిలో ఏది పొందినవాడూ హక్కుదారు కాడు.

మరి యేండ్ల తరబడి ఉన్నవానికి అక్కడ పౌరసత్వం రాదా? కువైట్ పౌరసత్వ చట్టం 1959 నాటిది. దీర్ఘకాల నివాసం, అరబ్బీ భాషాజ్ఞానం, ఇస్లాం మతం – ఇవి అందలి షరతులలో కొన్ని. అన్నీ ఉన్నా ఇయ్యవలెనన్న నిర్బంధం ప్రభుత్వానికి లేదు. మన ప్రాంతపు ముస్లిం సోదరులకైనా, ఇతరులకైనా, కూలికి పోయినవారికి ఆ తలుపు వాస్తవంలో మూసియున్నదే. ముప్పై యేండ్లు కాపురమున్నా అది బాడుగ యిల్లే. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అకామా యిచ్చిన ప్రభుత్వమే అక్కడ లేకుండ పోయినది. నాడు దాదాపు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్ రాజధానియైన అమ్మాన్ మీదుగా విమానాలలో తెచ్చుకొనవలసి వచ్చినది. ఆ దినాన వారికి పనికివచ్చినది చేతిలోని అకామా కాదు, భారతదేశపు పౌరులన్న హక్కు.

బాడుగ యింటిని సొంత యిల్లని భ్రమించుట వలన కలిగిన నష్టానికి తెలుగువారి చరిత్రలో ఇంతకంటె పాతదైన నిదర్శనం ఒకటి ఉన్నది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాలనుండి బర్మాకు వలసపోయిన మనవారు తరాలపాటు రంగూనులో బియ్యపు మిల్లులలోను, ఓడరేవులోను పని చేసినారు. 1948లో బర్మా స్వతంత్ర దేశమైనది. పౌరసత్వ చట్టాలు వచ్చినవి. ఇంతకాలంగా ఉంటున్నాము గదా, మరల దరఖాస్తు ఎందుకని పెక్కుమంది భారతీయులు ఊరకున్నారు. విదేశీయులుగా నమోదై ఉండిపోయినారు. 1962లో సైన్యం అధికారానికి వచ్చినది. తరువాత దుకాణాలు, వ్యాపారాలు జాతీయమైనవి. 1964 మొదలు లక్షల సంఖ్యలో భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కినారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆనాటి గుర్తుగా నేటికిని నిలిచియున్నది. అక్కడి మట్టిలో తాతల చెమట ఇంకియుండవచ్చును; కాని చట్టం చెమటను చూడదు, కాగితాన్ని చూస్తుంది. ఇది న్యాయమని నేననుట లేదు. ఇది జరిగినదని చెప్పుచున్నాను.

ఇక మనవారు పోవుచున్న రెండవ త్రోవ అమెరికాది. కువైట్‌లో మూసియున్న తలుపు అక్కడ తెరచియున్నది. కాని దాని ముందు వరుస మిక్కిలి పొడవు. ఆ తలుపు కూడ మనకెప్పుడూ తెరచియున్నది కాదు. 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వానికై పోరాడగా, భారతీయులు తెల్లవారి లెక్కలోనికి రారని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పినది. 1946లో మాత్రమే భారతీయులకు పౌరసత్వార్హత లభించినది. అప్పుడు వలసకు అనుమతించిన సంఖ్య ఏటికి నూరు మంది. 1965 నాటి చట్టం దేశాల వారీ పాత పద్ధతిని తీసివేసిన తరువాతనే మన వైద్యులకు, ఇంజనీర్లకు దారి సుగమమైనది.

నేడు ప్రొద్దుటూరు కుర్రవాడు ఎం.ఎస్. చదువుటకు పోయినప్పుడు విద్యార్థి వీసాతో దిగుతాడు. ఉద్యోగం దొరికితే హెచ్–1బి అనే ఉద్యోగ వీసా వస్తుంది. అది మూడేండ్ల చొప్పున ఆరేండ్లు. ఉద్యోగం పోతే సాధారణంగా 60 దినాలలోపల వేరొకటి చూచుకొనవలెను, లేదా మూట కట్టవలెను. తరువాతిది గ్రీన్‌కార్డు, అనగా శాశ్వత నివాసానుమతి. ఉద్యోగాల మూలంగా ఇచ్చే కార్డులు ఏటా సుమారు 1,40,000. వానిలో ఏ యొక్క దేశంలో పుట్టినవారికైనా సాధారణంగా 7 శాతానికి మించరాదు. చిన్న దేశానికీ, 140 కోట్ల భారతదేశానికీ ఒకటే కొలత. అందుచేత మనవారి వరుస దశాబ్దాలు సాగుతున్నది. ఈ లోపల తల్లిదండ్రుల వెంట పసితనంలో పోయిన బిడ్డకు 21 యేండ్లు నిండితే, ఆ బిడ్డ తండ్రి వరుసనుండి జారిపోయే ప్రమాదమున్నది. అక్కడనే పెరిగి, అక్కడి యాసతో మాటలాడే ఆ బిడ్డ వేరు వీసా వెదుకుకొనవలెను.

బాడుగ యింటి షరతులు ఎప్పుడైనా మారవచ్చును. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఒక్క ప్రకటనతో కొత్త హెచ్–1బి దరఖాస్తులకు 1,00,000 డాలర్ల రుసుము విధించినాడు. రాత్రికి రాత్రి ఎన్ని యిండ్లలో నిద్ర లేకుండ పోయినదో పాఠకులకు తెలియనిది కాదు. జీతం దినారులలో వచ్చినా, డాలర్లలో వచ్చినా, అనుమతి మీద నిలిచినవాని గుండె దడ ఒక్కటే. ఈ విషయంలో పులివెందుల పరిసరాలనుండి పోయిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకును, జమ్మలమడుగు పల్లెనుండి పోయిన డ్రైవరుకును భేదం లేదు. మనము మాత్రం ఒకనికి పూలదండ వేసి, మరొకనిని జాలిగా చూస్తాము.

గ్రీన్‌కార్డు వచ్చిన అయిదేండ్లకు దత్తతకు దరఖాస్తు పెట్టవచ్చును. సత్ప్రవర్తన కావలెను, ఆంగ్లం చదువను, వ్రాయను, మాటలాడను రావలెను, ఆ దేశపు చరిత్ర, ప్రభుత్వ విధానం గూర్చి పరీక్ష ఉంటుంది. 2025 అక్టోబరు 20 మొదలు దరఖాస్తు పెట్టినవారికి 128 ప్రశ్నల పట్టికనుండి 20 అడుగుతారు. 12 చెప్పిన ఉత్తీర్ణులు. పిమ్మట ప్రమాణం. అన్యదేశాల పట్ల గల విధేయతను పూర్తిగా వదలుకొంటున్నానని అందరియెదుట పలుకవలెను.

ఆ మాట నోట వెలువడి అక్కడి పౌరసత్వం చేతికి వచ్చిన క్షణాన, మన 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ విభాగం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. భారత పాస్‌పోర్టును అప్పగించవలెను, దాచుకొనుట నేరం. 2005 సవరణ తరువాత విస్తృతమైన విదేశ భారతీయ పౌరుడు అనే కార్డు ఒకటి దొరుకుతుంది. ఓ.సి.ఐ. అని వ్యవహరించే ఆ కార్డులో పౌరుడనే మాట ఉన్నదే గాని, పౌరసత్వం లేదు. రాకపోకలకు వీసా అక్కరలేదు, ఓటు లేదు, శాసనసభకు పోటీ చేయరాదు, వ్యవసాయ భూమి కొనరాదు. తాతనాటి చీనీ తోట వారసత్వంగా వస్తే ఉంచుకొనవచ్చును. ప్రక్కన అమ్మకానికి వచ్చిన రెండెకరాలు మాత్రం కొనరాదు. దత్తత చట్టంలో చెప్పినట్లే, వెంట వచ్చినది ఉంటుంది, కొత్తగా భాగం రాదు. అమెరికాలోని కుమారుని పేర పొలం కొనదలచిన తండ్రి ఈ సంగతిని రిజిస్ట్రారు కార్యాలయం మెట్లమీద కాక, కొంత ముందుగా తెలిసికొనుట మంచిది.

ఇట్లు పౌరసత్వం మార్చుకొన్నవారిని దేశద్రోహులనువారు కొందరు, ధన్యులనువారు కొందరు. ఇద్దరి మాటయు నాకు సరిగా తోచదు. దత్తత పోయినవానిని కన్నతల్లి శపించదు; అట్లని అతడు పోయినందుకు ఊరేగింపు చేయదు. చలిదేశంలో ఇరవై యేండ్లు పన్ను కట్టి, బిడ్డలను అక్కడి బడిలో చదివించినవాడు అక్కడి పాలనలో తనకొక మాట కావలెననుకొనుట తప్పు కాదు. అయితే రెండు దేశాల పౌరసత్వమూ కావలెనని కొందరు కోరుచున్నారు. ఓటు అనునది దాని ఫలితాన్ని అనుభవించువాని చేతిలోనే ఉండవలెనని నా అభిప్రాయం. మన వీధిలో నీరు రాకపోతే కడవ పట్టుకొని నిలువవలసినవాడే మన మునిసిపాలిటీని ఎన్నుకొనవలెను.

ఈ న్యాయాన్నే ముందుకు తీసికొనిపోతే కువైట్ కూలీ విషయంలో మనము చేయుచున్న అన్యాయం కంటబడుతుంది. అతనికి అక్కడ దత్తత లేదు. ఎన్నేండ్లున్నా చివరకు తిరిగి రావలసినది ఈ వీధికే. అతని అప్పు ఇక్కడ ఉన్నది, ఆలుబిడ్డలు ఇక్కడ ఉన్నారు, అతడు పంపిన పైకంతో కట్టిన యిల్లు ఇక్కడ ఉన్నది. అతడు సంపూర్ణంగా భారత పౌరుడు. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి ఇట్టివారిని ఓటర్ల జాబితాలో చేర్చుకొనుటకు వీలు కల్పించినారు. కాని ఓటు వేయవలెనంటే స్వయంగా తన ఊరి పోలింగు కేంద్రానికి రావలెను. నెలజీతం మొత్తం విమానపు టిక్కెట్టుకు పెట్టి, కఫీల్‌ను సెలవు బ్రతిమాలి, ఒక్క ఓటుకై ఎవరు వస్తారు? చేతికిచ్చినట్లే యిచ్చి, అందని ఎత్తున ఉంచిన హక్కు అది. దత్తత పోయినవానికి రెండు పౌరసత్వాలు కావలెనని సభలు జరుగుచున్నవి. ఎక్కడికీ దత్తత పోలేనివానికి ఉన్న ఒక్క ఓటును అందించుటకు తపాలా మార్గమో, రాయబార కార్యాలయంలో పెట్టెయో ఏర్పరుపవలెనని గట్టిగా అడుగువారు కొద్దిమందే. ముందుగా తీర్చవలసినది రెండవవాని కోరిక.

దత్తత యిచ్చుటయే గాక తీసికొనుట కూడ మన దేశానికి తెలుసు. 1954లో వెరియర్ ఎల్విన్, 2002లో జీన్ డ్రేజ్ భారత పౌరులైనారు. మన చట్టపు మూడవ అనుబంధంలో, సామాన్యంగా పండ్రెండేండ్ల నివాసంతోబాటు, రాజ్యాంగపు ఎనిమిదవ అనుబంధంలోని ఏదో ఒక భాషయందు తగిన పరిజ్ఞానం ఉండవలెనని నియమమున్నది. ఆ భాషలలో తెలుగు ఒకటి. అనగా చక్కగా తెలుగు వచ్చిన విదేశీయుడు ఈ దేశపు భాషా నియమాన్ని నెరవేర్చినవాడే. 1820లో కడపకు వచ్చి, పండితులను కూర్చి తెలుగు తాళపత్రాలను బ్రతికించిన బ్రౌను దొర నాడు ఇట్టి పరీక్షకు కూర్చొనియుంటే మొదటి శ్రేణిలో గెలిచెడివాడు. భారత పౌరసత్వపు తలుపుకు మన భాష ఒక తాళపుచెవియని చట్టమే ఒప్పుకొన్నది. అట్టి భాషలో పౌరసత్వపు సంగతులు చెప్పుకొనలేకపోవుట మనకు గౌరవం కాదు.

ఇవి వకీళ్ళు, ఏజెంట్లు చూచుకొనవలసిన పనులు గాని బడి పని కాదని కొందరనవచ్చును. ఏజెంటు బ్రతుకు మన అజ్ఞానం మీదనే సాగుతున్నది. అంతేకాదు, బడికి ఈ విషయంలో ఇప్పటికే భాగమున్నది. 1983 నాటి వలసల చట్టం క్రింద నడచుచున్న పద్ధతిలో, పదవ తరగతి తప్పినవాని పాస్‌పోర్టుమీద వలస అనుమతి కావలెనన్న ముద్ర పడుతుంది. ఉత్తీర్ణునికి సాధారణంగా ఆ ముద్ర ఉండదు. ముద్ర ఉన్నవాడు కువైట్ వంటి దేశాలకు కూలికి పోవలెనంటే వలసల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఆ ముద్ర అవమానం కాదు, రక్షణ. దానిని తప్పించుకొని చుట్టపుచూపు వీసామీద పని కోసం పోయినవాని ఒప్పందం ఏ ప్రభుత్వ కార్యాలయంలోను ఉండదు. ఈ ఒక్క సంగతి పదవ తరగతి గదిలో చెప్పితే చాలు, ఎందరో తల్లుల మెడలోని బంగారం కుదువకు పోకుండ నిలుస్తుంది.

నేను కోరునది కొత్త పాఠ్యగ్రంథం కాదు. సాంఘికశాస్త్రపు గంటలో ఒకనాడు, తెలుగు గంటలో ఒకనాడు చాలును. ఒక పనివాని ఒప్పందపత్రం నమూనాను తరగతిలో తెలుగు చేయించండి. జీతం ఎంత, పని గంటలెన్ని, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, అనుమతి ఎన్నాళ్ళకు, ఎవరి పేరుతో ముడిపడినది – ఈ అయిదు ప్రశ్నలకు సమాధానం వ్రాయించండి. వీసా, నివాసానుమతి, శాశ్వత నివాసం, పౌరసత్వం – నాలుగు మాటలకు నాలుగు వాక్యాలలో భేదం చెప్పమనండి. వ్యాకరణంలో సమాసభేదం చెప్పగల పిల్లవాడు ఇది చెప్పలేడా?

మరొక్క మాట. అమెరికాలో దత్తత కోరువాడు ఆ దేశపు రాజ్యాంగాన్ని గూర్చి 20 ప్రశ్నలకు సిద్ధమై పోతున్నాడు. పుట్టుకతో పౌరులమైన మనకు ఏ పరీక్షా లేదు. అనంతపురం జిల్లాలో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు ప్రొద్దుటూరును తమ ఊరు చేసికొన్నప్పుడు ఎవరి అకామాయు అడుగవలసిన పని లేకపోయినది. దేశంలో ఎక్కడనైనా నివసించి స్థిరపడే ఈ స్వేచ్ఛను రాజ్యాంగపు 19వ అధికరణం పౌరులందరికిని హామీగా ఇచ్చినది. మన ఊళ్ళకు పనికై వచ్చిన ఉత్తరదేశపు కూలీకి సైతం అదే హక్కు ఉన్నది. అతడు మనకు బాడుగకున్నవాడు కాడు, ఈ యింటివాడే. బాడుగ యిండ్లలో మనవారు పడుచున్న అవస్థ తెలిసిన జిల్లా ఇది. సొంత యింటి విలువ తెలిసికొనుటకు ఇంతకంటె వేరే పాఠం అక్కరలేదు.